యాభై మంది ఉన్న క్లాసులో చిన్న గ్రూపులుగా చర్చ పెడితే పాఠం నడుస్తుందా?

నడుస్తుందండి, కానీ ప్రశ్న సరిగ్గా పడాలి. నేను కోనసీమలో హైస్కూలు పిల్లలకి సోషల్ చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట ఎప్పుడు పూర్తయింది అని అడిగితే ఎవరో ఒకరు 1852 అనేస్తారు, ఇక మాట్లాడుకోడానికి ఏమీ మిగలదు. అదే "నీళ్లన్నీ ఒకే గోదావరివి కదా, మరి శివారు చేలకి ఎందుకు ఆలస్యంగా అందుతాయి?" అని అడిగి చూడండి. మొన్న ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్ల, వాళ్ల నాన్న రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని చేలోకి నీళ్లొచ్చే పంటబోదె దగ్గర కాపలా కాసిన సంగతి చెబుతూ నోటుపుస్తకం వెనక అట్ట మీద కాలువ, తూము, వాళ్ల చేను గీసేసింది. ఆ గ్రూపులో మిగతా ముగ్గురూ ఆ బొమ్మ మీదే వాదించుకున్నారు.

గ్రూపుకి నలుగురు చాలు, ఏడెనిమిది మందైతే కొందరు ఊరికే కూర్చుంటారు. ముందు రెండు నిమిషాలు ఎవరికి వాళ్లు రాసుకోవాలి, తర్వాతే మాటలు. ఇది మాత్రం వదలకండి, లేకపోతే గట్టిగా మాట్లాడేవాడి మాటే చెల్లుతుంది. పది నిమిషాలు చాలు. గ్రూపు తరఫున ఎవరు చెప్పాలో చివర్లో నేనే పిలుస్తాను, అందుకని నలుగురూ వింటారు. కొత్త పాఠం మొదటిరోజే పెట్టకండి, చర్చకి వాళ్ల దగ్గర కొంత విషయం ఉండాలి కదా.