జెర్రిపోతును చంపితే కేసవుతుందా?

ప్రశ్న: మాది కోనసీమ. వరికోతలప్పుడు కూలీలు గట్టు మీద జెర్రిపోతును కొట్టి చంపారు. ఎవరో వీడియో తీశారు. చేపల చెరువు ఎండగడితే దొరికిన తాబేళ్లను కూరకు పట్టుకెళతామంటున్నారు. కలిసొస్తుందని మా అత్తగారు నక్షత్ర తాబేలును కొని పెంచుతున్నారు. ఇవి నేరాలా?

జవాబు: మూడూ నేరాలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972ను 2022లో సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. జెర్రిపోతు, నాగుపాము, రక్తపింజర, ఈ రెండు రకాల తాబేళ్లూ ఇప్పుడు మొదటి షెడ్యూల్లో, అంటే చట్టం గట్టి రక్షణ ఇచ్చే జీవుల జాబితాలో ఉన్నాయి. చంపడమే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, గుడ్లు పాడుచేయడం కూడా చట్టం దృష్టిలో వేటే. 51వ సెక్షన్ కింద శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి అధికారి దగ్గర డబ్బు కట్టి రాజీ చేసుకునే వీల్లేదు.

కూలీలే చంపారు కదా అనుకోకండి. ‘కొట్టండ్రా’ అని మీరు పురమాయించి ఉంటే 52వ సెక్షన్ ప్రకారం మీరూ ముద్దాయే. ఆ వీడియోను మీరు ఎవరికీ పంపొద్దు, చెరిపేయమని ఎవరినీ ఒత్తిడి చేయొద్దు. అటవీ అధికారులు పిలిస్తే వాంగ్మూలం ఇచ్చే ముందు మీ వకీలుతో మాట్లాడండి.

ప్రాణరక్షణ కోసం సద్భావంతో చంపితే 11(2) సెక్షన్ కింద నేరం కాదు. పక్కలోకి వచ్చిన తాచుకు ఇది వర్తిస్తుంది. గట్టు దిగి పారిపోతున్న జెర్రిపోతుకు వర్తించదు. దానికి విషమే లేదు, పైగా మీ చేలో ఎలుకలను తినేది అదే. (చవితికి పుట్టలో పాలు పోసేదీ, కోతల్లో కర్ర ఎత్తేదీ మనమే!) ఆత్మరక్షణలో చంపినా కళేబరం ప్రభుత్వ ఆస్తి. గుట్టుగా పూడ్చకుండా, 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ తెలపాలి.

చెరువులో దొరికేది కింద మెత్తటి మడతలతో వెనక కాళ్లు మూసుకునే నీటి తాబేలు అయి ఉంటుంది. నత్తలను, చచ్చిన చేపలను తిని నీటిని శుభ్రం చేస్తుంది. దాని మాంసం ఇంట్లో దొరికినా కేసే. అక్రమంగా ఉంచుకోలేదని రుజువు చేసుకోవాల్సిన భారం మీ మీదే పడుతుంది. బస్తాలో వేసి ఉంచకుండా, అక్కడికక్కడే పక్కనున్న, పొలాల నీరు పోయే మురుగు కాలువలో వదిలేయమనండి.

అత్తగారి తాబేలును మాత్రం కాలువలో, నూతిలో వేయకండి. అది మెట్ట జీవి, ఈదలేక చచ్చిపోతుంది. అధికారులకు తెలపాల్సిన 48 గంటల గడువు దీనికీ ఉంది, అదెప్పుడో దాటింది కనుక అప్పగించినంత మాత్రాన నేరం మాసిపోదు. అయినా పట్టుబడే దాకా ఆగడం కన్నా అదే మేలు. ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారో రాసి, వకీలు ద్వారా అటవీ రేంజ్ ఆఫీసులో అప్పగించి, నకలు మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి.