డాక్టర్ సలహా: స్పాంజీ సంగతి తర్వాత, ముందు ఆ నల్లబడిన పక్క చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. పదేళ్లుగా షుగర్. మడమ దగ్గర పుండుకు మూడు వారాల క్రితం తొడ చర్మం తీసి అతికించారు. కొంత పట్టింది, ఒక పక్క నల్లబడింది. రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి, గొట్టం మాత్ర విప్పి పొడి చల్లుతున్నాం. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) ఇంకా మానలేదు. గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాలు పెరగడానికి తోడ్పడే ప్రొటీన్లు) విడుదల చేసే స్పాంజీ పెడితే గ్రాఫ్ట్, అంటే అతికించిన చర్మం, బతుకుతుందని చదివాం. విశాఖలో దొరుకుతుందా? ఖరీదెంత?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: మీరు ఖరీదు అడిగారు, నా చూపు మాత్రం ఆ నల్లబడిన పక్క దగ్గరే ఆగిపోయింది. జ్వరం ఉందా, వాసన వస్తోందా, ఎరుపు పైకి పాకుతోందా? ఇవేవీ రాయలేదు. ఒక్కటున్నా ఇవాళే ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏదీ లేకపోయినా రెండు రోజులు దాటనివ్వకండి. షుగర్‌తో కాలి స్పర్శ తగ్గుతుంది, కాబట్టి నొప్పి లేదు కదా అని ఆగకూడదు.

అతికించిన చర్మానికి మొదటి రెండు రోజులు రక్తం అందదు. పుండులో ఊరే నీరు పీల్చుకుని బతుకుతుంది. తర్వాత కింది నాళాలు వచ్చి కలుస్తాయి, అయిదు నుంచి ఏడు రోజులకు రక్తం సరిగ్గా పారుతుంది. ఈలోగా కింద చిక్కుడు గింజంత నెత్తురు గడ్డకట్టినా, కట్టు జరిగినా అంతమేర చర్మం పోతుంది. మూడు వారాలకు నల్లబడి ఉన్న ముక్కను ఏ స్పాంజీ బతికించలేదు.

గ్రోత్ ఫ్యాక్టర్‌ను ద్రవంగా వేస్తే పుండులోని ఎంజైములు త్వరగా పాడుచేస్తాయి. అందుకే కొల్లాజెన్, జెలటిన్ అనే ప్రొటీన్లతో చేసిన స్పాంజీకి పట్టిస్తారు. అది కరిగేకొద్దీ రోజుల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. జపాన్‌లో బీఎఫ్‌జీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ స్ప్రే 2001లోనే వచ్చింది, తర్వాత స్పాంజీనీ రోగులపై పరీక్షించారు. కొత్త నాళాలు పుట్టించి పుండు అడుగును గ్రాఫ్ట్‌కు సిద్ధం చేయడమే దీని ముఖ్యమైన పని. కాలికి రక్తమే రాకపోతే, చీముంటే డబ్బు దండగ. క్యాన్సర్ అనుమానమున్న పుండుకైతే పెట్టకూడదు. మీ అమ్మగారికి పనికొస్తుందో లేదో చూడకుండా నేను చెప్పలేను.

ఇక ఆ గొట్టం మాత్ర. నిన్న ఓపీలో ఒకాయన కాలిమీద పచ్చటి పొడి పెచ్చు కట్టి ఉంది. సెలైన్‌తో నానబెట్టి తీయడానికి అరగంట పట్టింది, కిందంతా చీము. పొట్టలోకి వెళ్లాల్సిన మందు అది, పుండుమీద చల్లడానికి చేసింది కాదు. అలర్జీ కూడా రావచ్చు. పెరాక్సైడ్ నురగ చూస్తే శుభ్రపడుతున్నట్టే ఉంటుంది, కానీ అప్పుడే పుట్టిన కణాలనూ చంపుతుంది. ఎవరు చెప్పారండీ ఇవన్నీ? మందుల షాపతనా? అతను కట్టు విప్పి చూశాడా? రెండూ ఇవాళే ఆపండి. కట్టు దేనితో, ఎన్నాళ్లకోసారి మార్చాలో సర్జన్‌నే అడగండి. మడమ మీద బరువు మోపనివ్వకండి.

అడ్డపొగ మాన్పించడం కష్టమేనని మన ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. "చిన్నప్పటి నుంచీ ఉంది బాబూ" అంటారు. కానీ నికోటిన్ చర్మంలోని సన్న నాళాలను బిగిస్తుంది. పుండు మానేదాకానైనా ఆపించండి. ఎటూ ఆసుపత్రికి వెళ్తున్నారు కాబట్టి అంగిలి కూడా చూపించండి, నిప్పు లోపల పెట్టుకునేవాళ్లకు అక్కడ క్యాన్సర్ భయం ఉంది.

కాలి డాప్లర్ (రక్త ప్రవాహం చూసే స్కాన్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష), పుండు కల్చర్ (ఏ సూక్ష్మక్రిమి ఉందో తేల్చే పరీక్ష), మడమ ఎక్స్‌రే అవసరం కావచ్చు. సర్జన్ అందుబాటులో లేకపోతే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి వెళ్లండి. ఆపరేషన్ కాగితాలు, వాడుతున్న మందులన్నీ, ఆ గొట్టం మాత్రల అట్టతో సహా, సంచిలో వేసుకెళ్లండి.