అద్దె పెంచనంటే మోటారు ఆపేయొచ్చా?

ప్రశ్న: వనస్థలిపురంలో మా ఇంటి పైపోర్షన్ నాలుగేళ్లుగా ఒకే కుటుంబానికి ఇచ్చాం. 11 నెలల అగ్రిమెంట్ ఎప్పుడో అయిపోయింది, నెలకు 12,000 మాత్రం ఇస్తూనే ఉన్నారు. 15,000 అడిగితే 13,000 దాటమంటున్నారు, ఖాళీ చేయమంటే చేయరు. మోటారు ఆపేస్తే వాళ్లే పోతారని పక్కింటాయన సలహా. 12 ఏళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందని ఇంకో టెన్షన్.

జవాబు: మోటారు జోలికి పోకండి. నీళ్లు ఆపినా, తాళం వేసినా, సామాను బయట పడేసినా మీ కేసు మీరే పాడుచేసుకున్నట్టు. కోర్టు ఉత్తర్వు లేకుండా బలవంతంగా పంపేస్తే, వాళ్లు ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద దావా వేసి మళ్లీ లోపలికి రావచ్చు, ఇల్లు ఎవరిదన్నది ఆ దావాలో కోర్టు అడగదు కూడా. ఆరోజు పక్కింటాయన మీ వెంట రాడు.

12 ఏళ్ల భయం అనవసరం. మీకు అద్దె కడుతూ ఉన్నంతకాలం ఎన్నేళ్లైనా కిరాయిదారే. అద్దె బ్యాంకు ఖాతాలో వేయించుకోండి చాలు.

గడువు తర్వాత కూడా అద్దె తీసుకున్నారు కాబట్టి ఇది ఇప్పుడు నెలవారీ కిరాయి. హైదరాబాద్‌లో 3,500 దాటిన అద్దెలకు 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు, కాబట్టి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 106 కింద 15 రోజుల నోటీసిస్తే సరిపోతుంది, కారణం చెప్పక్కర్లేదు. అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో దావా. నోటీసు గడువయ్యాక డబ్బు తీసుకుంటే మాత్రం, నోటీసు వదులుకోలేదని రాతపూర్వకంగా చెప్పి తీసుకోండి, లేకపోతే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

అయితే నోటీసుకు ముందు ఒక లెక్క వేయండి. మీ గొడవంతా నెలకు 2,000, అంటే ఏడాదికి 24,000. రెండు నెలలు టు-లెట్ బోర్డు వేలాడితే 13,000 చొప్పున 26,000 పోయినట్టే, రంగులు, బ్రోకరు, నా ఫీజు వేరే! నాలుగేళ్లలో ఎప్పుడైనా పెంచారో లేదో మీరు రాయలేదు. పెంచకుండా ఉండి ఒక్కసారే 25 శాతం అడిగితే, పిల్లల బడి చూసుకుని అక్కడ చేరిన కుటుంబం బెదిరిపోదా? నన్నడిగితే 13,500 దగ్గర తెగ్గొట్టి, ఏటా 5 శాతం పెంపు కొత్త అగ్రిమెంట్‌లో రాయించి రిజిస్టర్ చేయించండి.

ఇంకొకటి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని అడ్వాన్సులో నెల అద్దె కోసుకునే ఆలోచన ఉంటే, అదీ ఇప్పుడే అందులో రాయండి. మామూలు వాడకంతో మాసిన గోడలకు తర్వాత డబ్బు పట్టుకుంటే నిలవదు.