99 మైళ్ల కుర్రాడికి వెల కట్టే ముందు

ఫ్రిస్కో, టెక్సస్

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోనులో "మామయ్యా, గంటకి 99 మైళ్ల వేగంతో వేశాడు, మూడుసార్లు వేశాడు" అంటుంటే పక్కగదిలో మీ అత్తకి కూడా వినబడింది. బేస్‌బాల్ క్లబ్బులో చేరిన రెండో నెలకే పంతొమ్మిదేళ్ల పిచ్చర్ (బంతి విసిరేవాడు) మీద, వాడికి ఎంత వెల కట్టొచ్చో రిపోర్టు రాయమన్నారంటే నీ మీద గురి కుదిరినట్టే. చాలా సంతోషంరా. ఆదివారంలోగా ఇవ్వాలన్నావు, అందుకే ఇవాళే కూర్చుని రాస్తున్నాను.

ఇరవై ఏళ్లకు పైగా శని, ఆదివారాలు క్లబ్బులకి కుర్రాళ్లని వెతికిపెట్టే ఒక స్కౌటు వెంట ఇక్కడి హైస్కూలు మైదానాలన్నీ తిరిగానని నీకు తెలుసు. జీతం లేదు. బంతి వేగం కొలిచే రాడార్ గన్ పట్టుకోవడం, నోటుబుక్కులో ఎక్కించడం నా పని. మొదటి నాలుగేళ్లూ ఆ గన్ మీద అంకె తప్ప నాకింకేమీ కనబడలేదు. ఒకసారి ఓ కుర్రాడు 97 వేస్తే, వీణ్ణి వదలొద్దని ఆ స్కౌటు ప్రాణం తీశాను. ఆయన నా చేతిలోంచి గన్ తీసుకుని, ఇక పిచ్చర్ని చూడొద్దు, బ్యాటర్ని చూడు అన్నాడు.

చూశాను. పదిహేడేళ్ల పిల్లలు ఆ 97ని ఫౌల్ (హద్దు బయటికి) కొడుతున్నారు. కొట్టినవి కొట్టినట్టు నేరుగా వెనక్కొచ్చి మా ముందున్న వలకి తగులుతున్నాయి. అంటే బ్యాటు సరిగ్గా సమయానికే వచ్చింది, వెంట్రుకవాసిలో తప్పింది. కుడిచేతి బ్యాటర్ నిజంగా ఆలస్యమైతే ఫౌల్ మొదటి బేస్ వైపు, అంటే మైదానానికి కుడిపక్క, ఆటగాళ్లు కూర్చునే డగౌట్ మీదికి పోవాలి. ఆ రోజు అటువైపు పోయినవి రెండే. అదే సాయంత్రం అవతలి జట్టులో 91 వేసే పిల్లాడి బంతికి మాత్రం అందరూ ఆలస్యమయ్యారు. వాడిది పొడుగాటి అడుగు, బంతిని బ్యాటర్‌కి బాగా దగ్గరికొచ్చి వదిలేవాడు. పిచ్చర్ నిలబడే మౌండ్ నుంచి బ్యాటర్ దగ్గరి ప్లేటు దాకా 60 అడుగుల 6 అంగుళాలు అందరికీ ఒకటే కానీ, బంతి చేయి వదిలే చోటు అందరికీ ఒకటి కాదు. పైగా వాడి ఫాస్ట్‌బాల్ చివర్లో దిగిపోకుండా నిలబడేది, బ్యాట్లు దాని కిందనుంచి పోయేవి. నీ క్లబ్బులో ఇవన్నీ కొలిచే కెమెరాలున్నాయి, ఆ లెక్కలు అడిగి తెప్పించుకో. కానీ ముందు నీ కంటితో చూడు.

వేగం ఒక్కటే చాలదనడానికి నేథన్ ఎవాల్డీ అనే పిచ్చర్ని గుర్తుపెట్టుకో. 2014లో మయామీకి 95 మైళ్ల పైన వేస్తూ కూడా 223 హిట్లు (బ్యాటర్ కొట్టి బేస్ చేరినవి) ఇచ్చుకున్నాడు, అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్‌లో సగమైన నేషనల్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ. ఆ మనిషే తర్వాత చివర్లో కిందికి దిగే స్ప్లిటర్ బంతి మీద పట్టు సాధించి, 2023లో మా టెక్సస్ జట్టు రేంజర్స్ వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచిన ఏడాది పోస్ట్‌సీజన్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) ఐదు మ్యాచ్‌లు గెలిచి పెట్టాడు. కాబట్టి నీ కుర్రాడి రెండో రకం బంతి ఏమిటో చూడు. రెండు స్ట్రైకులయ్యాక (మూడైతే బ్యాటర్ స్ట్రైకవుట్) పక్కకి తిరిగే స్లైడర్ ఎవడైనా వేస్తాడు. రెండు బాల్స్ (గురి తప్పిన బంతులు) పడి స్ట్రైక్ లేనప్పుడు వేయగలడా? వేసి స్ట్రైక్ తెచ్చుకోగలడా?

వాక్స్ (నాలుగు బాల్స్ పడి బ్యాటర్‌కి ఊరికే ఇచ్చే బేస్) ఎక్కువిస్తున్నాడని దిగులుపడ్డావు. అక్కడ తొందరపడి కొట్టిపారేయకు. స్టీవ్ డాల్కౌస్కీ అనే ఆయన 1960లో చిన్న లీగ్ జట్టు స్టాక్టన్‌లో 170 ఇన్నింగ్స్ వేసి 262 స్ట్రైకవుట్లు తీశాడు, 262 వాక్స్ ఇచ్చాడు. మేజర్స్ (మేజర్ లీగ్) గడప తొక్కలేదు. రాండీ జాన్సన్ అనే పిచ్చర్ కూడా 1990 నుంచి మూడేళ్లు వరసగా మేజర్స్‌లో మిగతా సగమైన అమెరికన్ లీగ్‌లో వాక్స్ ఇవ్వడంలో మొదటివాడే. 1992లో పిచ్చర్ నోలన్ రయాన్, కోచ్ టామ్ హౌస్ కలిసి చూసి, ముందడుగు మడమ మీద పడుతోంది, పాదం ముందుభాగం మీద పడాలి అని చెప్పారు. మరుసటి ఏడాది 308 స్ట్రైకవుట్లు, వాక్స్ వందలోపు. నీ కుర్రాడి బంతి ఎందుకు గతి తప్పుతోందో వేలు పెట్టి చూపించగలవా? చూపించగలిగితే అది రిపోర్టులో రాయి, వాడి వెల పెంచు. ఒక్కో బంతికి ఒక్కో తప్పు కనిపిస్తుంటే మాత్రం నాకు భయమే.

అన్నిటికన్నా నాకు బెంగ చేయి గురించి. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, పిచ్చర్ టామీ జాన్ మోచేతికి ఆపరేషన్ చేసినప్పుడు అది అపురూపం. ఇప్పుడు హైస్కూలు పిల్లలకే చేస్తున్నారు. 2024 డిసెంబరులో మేజర్ లీగ్ వాళ్లే నివేదిక వేసి, వేగం కోసం ప్రతి బంతికీ సర్వశక్తులూ పెట్టడమే గాయాలకి పెద్ద కారణాల్లో ఒకటన్నారు. తల్లి తరఫున మన దేశపు మూలాలున్న కుమార్ రాకర్ అనే పిచ్చర్నే చూడు. 2019లో కాలేజీ నాకౌట్ పోటీలో డ్యూక్ మీద 19 స్ట్రైకవుట్లతో, ఒక్క హిట్టూ ఇవ్వని నో-హిట్టర్ వేశాడు. 2021లో మెట్స్ క్లబ్బు డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వరసగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట) పదో స్థానంలో ఎంచుకుని, 60 లక్షల డాలర్లకు మాట అనుకుని, వైద్యపరీక్ష చూశాక సంతకం చేయించలేదు. ఏడాది తిరిగేసరికి రేంజర్స్ మూడో స్థానంలో తీసుకుని 52 లక్షలిచ్చారు. 2023లో మోచేయి ఆపరేషనైంది, 2024 సెప్టెంబరులో మేజర్స్‌లో అడుగుపెట్టాడు. అదే చేతికి ఒకరు సున్నా కట్టారు, ఇంకొకరు అరకోటి డాలర్లు కట్టారు. ఇద్దరివీ పెద్ద క్లబ్బులే, ఇద్దరికీ డాక్టర్లున్నారు. అందుకని ఒకే అంకె రాసి సంతకం పెట్టకు. చేయి నిలబడి మూడో రకం బంతి కూడా వస్తే స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలెట్టేవాడిగా) ఎంత, లేకపోతే ఒక ఇన్నింగ్ రిలీవర్‌గా (తర్వాత మధ్యలో వచ్చేవాడిగా) ఎంత, ఆపరేషనై ఏడాదిన్నర ఆగాల్సివస్తే ఎంత, మూడూ విడివిడిగా రాయి. క్లబ్బుకి వాడి మీద హక్కుండేది మేజర్స్‌లో ఆరేళ్ల సర్వీసు దాకానే. ముప్పయ్యేళ్లకి ఎలా ఉంటాడో ఇప్పుడు నీకక్కర్లేదు.

గురువారం మళ్లీ వేస్తాడన్నావుగా. ఐదో ఇన్నింగ్స్ దాకా కదలకు. మొదటి ఇన్నింగ్స్‌లో 99 వేసినవాడు అప్పుడు 94 వేస్తున్నాడా, మోచెయ్యి కిందికి జారుతోందా, అదే బ్యాటర్లు మూడోసారి వస్తే ఏం చేస్తున్నారో చూడు. నా పాత నోటుబుక్కు ఒకటి కొరియర్‌లో పంపాను, బుధవారం అందుతుంది. అందులో ప్రతి ఫౌల్‌కీ ఎటు పోయిందో చిన్న బాణం గుర్తు వేసి ఉంటుంది. నువ్వూ అలాగే వేసుకో. రాత్రి ఎంతైనా సరే, ఫోన్ చెయ్యి.

మీ మామయ్య