లావెండర్ నూనె వాసన చూస్తే నిజంగా నిద్ర పడుతుందా?

కొంతవరకు సాయపడుతుంది, కానీ నిద్రమాత్రలా పనిచేయదు. మనసులోని ఆందోళనను కాస్త తగ్గిస్తుంది, అంతే. లావెండర్ పూల నుంచి ఆవిరి పద్ధతిలో తీసే నూనెలో లినలూల్, లినలైల్ ఎసిటేట్ అనే సుగంధ రసాయనాలు ఎక్కువగా ఉంటాయి. నరాల ఉద్రేకాన్ని శాంతపరిచే గుణం వీటికి ఉన్నట్లు ప్రయోగాల్లో కనిపించింది. యూరప్‌లో ఎండు పూలను దిండ్లలో నింపడం పాత అలవాటు. జర్మనీలో ఇప్పుడు ఇదే నూనెను 80 మిల్లీగ్రాముల గుళికగా ఆందోళనకు మందుగా ఇస్తున్నారు.

ఉదాహరణకు, చార్మినార్ దగ్గర అత్తరు దుకాణంలో లావెండర్ పేరుతో ఒక సీసా కొన్నారనుకోండి. అందులో ఉన్నది కృత్రిమ పరిమళమే కావచ్చు. లేబుల్ మీద 'లావండ్యులా అంగుస్టిఫోలియా' అనే శాస్త్రీయ నామం లేకపోతే మందుగా నమ్మవద్దు. అసలైన నూనె అయినా ఒంటికి నేరుగా రాయకూడదు; 30 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 12 చుక్కలు చాలు, అదీ ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి చూశాకే.

మూలికే కదా, తులసి ఆకు నమిలినట్లు నూనె చుక్కలు కూడా మింగవచ్చని చాలామంది అనుకుంటారు. ఇది ప్రమాదకరమైన అపోహ. పచ్చి తులసి ఆకులో సుగంధ తైలం ఒక శాతం లోపే; సీసాలో ఉన్నదంతా తైలమే. పసిపిల్లలు మింగితే మగత కమ్మవచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.