యారోస్లావ్‌స్కీ స్టేషన్‌ను దూరం నుంచి మొదలుపెట్టి చూడండి

మీరడిగింది: ట్రాన్స్ సైబీరియన్ రైలు ఎక్కే ముందు మాస్కో యారోస్లావ్‌స్కీ స్టేషన్ దగ్గర గంట ఖాళీ ఉంటే ఏం చూడాలి, ఆ భవనం చర్చా, కోటా అని.

రెండూ కాదు. అక్కడ 1862లో వాస్తుశిల్పి రోమన్ కుజ్మిన్ కట్టిన మామూలు స్టేషన్ ఉండేది. మరో వాస్తుశిల్పి ఫ్యోదర్ షెఖ్తెల్ 1902-04లో దాన్ని పెంచి, రూపు మార్చేశాడు.

ముందు చౌరస్తా దాటి కజాన్‌స్కీ స్టేషన్ వైపు వెళ్లి నిలబడండి. గుమ్మం ముందు నుంచి చూస్తే ఈ భవనానికి ప్రాణమైన పైకప్పు కనపడదు. ప్రవేశద్వారం కోట గుమ్మంలా లోతైన కమాను, దానిపైన నిటారుగా లేచిన కప్పు. రెండు చివర్లా ఉన్న బురుజులు ఒకేలా ఉండవు, కావాలనే అలా పెట్టాడు. పక్కనే ఉన్న లెనిన్‌గ్రాద్‌స్కీ స్టేషన్ (కాన్‌స్టాంటిన్ టోన్, 1849) సరిగ్గా మధ్యకు మడిస్తే రెండు సగాలూ కలిసేటట్టుంటుంది. రెండింటినీ ఒకే చూపులో పోల్చుకుంటే తేడా తేలిపోతుంది. అంతకు ముందు తరం వాళ్లు, ఉదాహరణకు రెడ్ స్క్వేర్‌లోని చరిత్ర మ్యూజియంలో, పాత రష్యన్ నగిషీలను గోడ నిండా పరిచారు. షెఖ్తెల్ నగిషీ తగ్గించి, ఉత్తర రష్యా కట్టడాల ఆకారాన్నీ బరువునూ తీసుకున్నాడు. నా దృష్టిలో అదే గొప్ప ఎంపిక.

ఇప్పుడు దగ్గరికి రండి. రంగు మెరుపుపూత పెంకుల పట్టీలు చూడండి. అవి రైల్వే వ్యాపారి సవ్వా మామొంతొవ్ స్థాపించిన అబ్రామ్‌త్సెవో కార్ఖానావి. ఈ స్టేషన్ నుంచి వెళ్లే రైలు మార్గాన్ని ఉత్తర రష్యాలోని అర్ఖాంగెల్‌స్క్ దాకా పొడిగించింది ఆయనే. 1899లో అరెస్టయి కంపెనీ చేజారినా, ఆయన పెంకులు మాత్రం స్టేషన్ గోడనెక్కాయి. ఇలాంటి పెంకులకు చలే శత్రువు: పూతలో సన్నని పగులు పడితే నీరు దూరి, గడ్డకట్టి ఉబ్బి, పెచ్చు ఊడగొడుతుంది. అందుకే అతుకు పెట్టిన చోట రంగు కాస్త తేడాగా ఉంటే ఆశ్చర్యపోకండి.

చాలామంది చేసే పొరపాట్లు రెండు. చిత్రకారుడు కొరోవిన్ గీసిన ఉత్తర రష్యా చిత్రాల కోసం లోపల వెతుకుతారు. అవి ఒకప్పుడు ఇక్కడే ఉండేవి, ఇప్పుడు మాస్కోలోని ట్రెత్యకోవ్ గ్యాలరీలో ఉన్నాయి. రెండోది, మెట్లుమెట్లుగా లేచిన గోపురాన్ని చూసి ఇదే యారోస్లావ్‌స్కీ అనుకుంటారు. అది షూసెవ్ కట్టిన కజాన్‌స్కీ, కజాన్ నగరంలోని స్యూయుంబికె గోపురం పోలిక. దాని గడియారం చుట్టూ రాశిచక్రం గుర్తులు కూడా ఉంటాయి, అటే నిలబడతారు కనుక చూసేయండి.

ఈ రైలు మార్గం చివరనున్న వ్లాదివొస్తోక్ దాకా వెళ్తుంటే కెమెరాలో చార్జింగ్ దాచుకోండి. అక్కడి స్టేషన్‌ను 1912 నాటికి ఇదే పోలికలో తిరిగి తీర్చారు, ప్లాట్‌ఫాం మీద మాస్కో నుంచి దూరాన్ని చెప్పే, 9288 అని రాసిన కిలోమీటరు స్తంభం ఉంటుంది.