ఆ పాప అడిగిన మాట దగ్గర ఆగు

అమ్మాయ్,

నువ్వు పంపిన కథ పద్నాలుగు పేజీలూ నిన్న రాత్రే చదివేశా, పొద్దున్న కాఫీ తాగుతూ మళ్ళీ చదివా. డల్లాస్ నుంచి మీ అక్క పిల్లలు రావడం, మీ నాన్నగారు మనవడినీ మనవరాలినీ వెంటేసుకుని రామచంద్రపురం దగ్గర మీ సొంతూరు వెళ్ళడం, వంశవృక్షం చార్ట్, గాలాలు, ద్రాక్షారామం, ధవళేశ్వరం, అన్నీ ఉన్నాయి. అన్నీ ఉండటమే ఇబ్బందైంది. నాలుగు రోజుల ట్రిప్పు ఫొటోలు స్టేటస్‌లో పెట్టినట్టు ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోయావు.

కానీ తొమ్మిదో పేజీలో ఒక్క లైనుంది. గట్టు మీద కూర్చున్నప్పుడు పాప ఆ చార్ట్ చూసి "తాతయ్యా, ఇందులో అమ్మలు లేరేంటి" అంది, మీ నాన్నగారు మాట్లాడకుండా గాలం పైకి లాగి ఎర మార్చారు. తర్వాత పేరాలో అందరూ కారెక్కేశారు. అయ్యో, నీ కథ అక్కడే ఉంది కదమ్మా, దాన్ని గట్టు మీదే వదిలేసి ఎలా వెళ్ళిపోయావు?

ఈ మాట నాకెందుకు తగిలిందంటే మా మామ్మ పేరు నాకు నలభై ఏళ్ళొచ్చేదాకా తెలీదు. ఊరంతా రాయవరం మామ్మ అనేవాళ్ళు, పుట్టిల్లు రాయవరం కాబట్టి, మేమూ అలాగే పిలిచాం, ఆవిడ పోయాక అడుగుదామన్నా చెప్పేవాళ్ళు లేరు. చివరికి ఆవిడకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమ కింద ముప్పై సెంట్లు రాసిచ్చిన పాత దస్తావేజు దొరికింది, అందులో ఉంది పేరు, తండ్రి పేరుతో సహా. నేను ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. అందుకే చెప్తున్నా, మీ నాన్నగారు సర్వే నంబర్ కోసం తీయించిన సేల్ డీడ్‌లు ఇంకోసారి తెప్పించుకుని నెమ్మదిగా చదువు. హద్దులు రాసే దగ్గర తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఎవరి పొలం అని ఉంటుంది చూడు, అక్కడ పక్క పొలాల వాళ్ళ పేర్లు దొరుకుతాయి, వాళ్ళలో చుట్టాలుంటారు. ఇంట్లో అటక మీద ఇత్తడి బిందెలుంటే దించి తిరగేసి చూడు, పెళ్ళికిచ్చిన సామాను మీద పేరు కొట్టించేవాళ్ళు. 2015 పుష్కరాల్లో మీ నాన్నగారు పిండప్రదానం చేశారని రాశావు, అప్పుడు తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, ఈ ముగ్గురి పేర్లూ పంతులుగారు అడిగే ఉంటారు. మీ నాన్నగారు ఏం చెప్పారో కనుక్కున్నావా? గుర్తులేక తడుముకుని ఉంటే అదీ రాయాలి.

ఇది మీ ఒక్కింటి సంగతి కూడా కాదు. 1951-52 మొదటి ఎలక్షన్లప్పుడు దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు ఓటర్ల లిస్టు నుంచి తీసేయాల్సొచ్చింది, ఎక్కువగా ఉత్తరాదిలో, ఫలానావాళ్ళ భార్య ఫలానావాళ్ళ తల్లి అని రాయించుకున్నారు గానీ సొంత పేరు చెప్పలేదని. అయితే ఈ లెక్క నీ కథలో పెట్టమని కాదు, నువ్వు తెలుసుకుని పక్కన పెట్టుకో, రాసేటప్పుడు చెయ్యి బలంగా ఉంటుంది.

ఇక చేపల సంగతి. మే నెలాఖరున కాలువ నిండుగా పారుతోందని రాశావు. అప్పటికి కాలువలకి నీళ్ళు కట్టేసి ఉంటారు కదా, మళ్ళీ జూన్‌లో గానీ నీళ్ళొదలరు. మరి మీరు కూర్చుంది ఊరచెరువు గట్టు మీదా, కాలువలో మిగిలిన మడుగు దగ్గరా? పల్లెటూరు చదువరి ఇక్కడే నిన్ను నమ్మడం మానేస్తాడు. "ఓ చేప పడింది" అన్నావు, ఏ చేప? జెల్లైతే పక్క ముల్లు గుచ్చుకుంటుంది, పిల్లాడు పట్టుకోబోతే తాతయ్య చెయ్యి పట్టుకుని ఆపుంటారు. కొర్రమీనైతే ఒడ్డున పడ్డాక కూడా గడ్డిలో జారిపోతూ చాలాసేపు బతికుంటుంది, పిల్లలు దాని వెనక పరిగెత్తుంటారు. ఫోన్ చేసి ఆ పిల్లాణ్ణే అడుగు, వాడికి గుర్తుంటుంది. గాలం బెండు కదలకుండా నీళ్ళ మీద నిలబడ్డ ఆ టైం మాత్రం ఎంత సాగదీసినా పర్లేదు, ఎందుకంటే ఎదురెదురుగా కూర్చుంటే నోరు విప్పని పెద్దాయన నీళ్ళకేసి చూస్తూ చెప్తాడు, మా నాన్నా అంతే.

ద్రాక్షారామం దగ్గర చాళుక్య రాజు భీముడి గురించి రెండు పేరాలు రాశావు, అవి తీసెయ్. ఆ గుడి నిండా శాసనాలు వందల్లో ఉన్నాయి, అఖండదీపం వెలగడానికి గొర్రెల్నో ఆవుల్నో దానమిచ్చి రోజూ మానెడు నెయ్యి పొయ్యాలని చెక్కించినవి, అలా ఇచ్చినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, పేర్లతో. అర్థమైందా ఏం చెప్తున్నానో? తొమ్మిదొందల ఏళ్ళ కిందటి ఆడమనిషి పేరు రాతి మీద ఉంది, తాతయ్య వాళ్ళ అమ్మమ్మ పేరు చార్ట్‌లో లేదు. మీ పాప ఆ స్తంభం మీద చెయ్యి పెట్టిందని నువ్వే రాశావు, కాకపోతే సెల్ఫీ కోసం అని రాశావు. నువ్వు వ్యాఖ్యానం చెయ్యకు, ఆ చేతిని అక్కడే కాసేపు ఉండనివ్వు.

ధవళేశ్వరం ఒక్క వాక్యం చాలు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టించి 1852కి పూర్తిచేసిన ఆనకట్టతోనే మీ ఊరి కాలువలోకి నీళ్ళు రావడం మొదలైంది, అది గట్టు మీద కూర్చున్నప్పుడే తాతయ్య నోట చెప్పించు, మ్యూజియం టికెట్లూ పార్కింగూ వద్దు.

ఎనిమిది పేజీలకి దించి మళ్ళీ పంపు, తొందరేం లేదు. కానీ రాయడం మొదలెట్టకముందే ఈ ఆదివారం మీ నాన్నగారి పక్కన కూర్చుని వాళ్ళ అమ్మమ్మని ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళో అడుగు. పేరు అడగకు, గుర్తులేకపోతే చిన్నబుచ్చుకుంటారు. ఏ ఊరి మామ్మ అనేవాళ్ళో అడుగు, ఆ ఊరు తెలిస్తే నేనూ వస్తాను, కలిసి వెతుకుదాం.